మరీ మంచిగా వచ్చిన గీత

"మీ సార్ పోయిండు బిడ్డా."

ఫోన్‌లో అమ్మ ఈ మాట అన్నప్పుడు నేను కొత్తవాడ గల్లీలో కూరగాయల బండి దగ్గర బెండకాయల కొసలు విరిచి చూసుకుంటున్నాను. అమ్మ అంటే మా అమ్మ కాదు, సార్ భార్య. ఆయన దగ్గర నేర్చుకున్న వాళ్ళమంతా అట్లాగే పిలుస్తాం. పొద్దున ఎనిమిది కూడా కాలేదు. అమ్మ ఏడవలేదు. "దవాఖానల నుంచి ఇంటికి తీస్కొస్తాండ్రు. జర వచ్చి వాకిలి ఊడువు బిడ్డా, నాకు చేతులాడ్తలెవ్వు" అంది. ఏరిన బెండకాయలు తట్టలోనే వదిలేసి నడిచాను. బండి ఆయన వెనక నుంచి పిలుస్తూనే ఉన్నాడు.

నడుస్తూనే ఫోన్ తెరిచాను. సార్ పేరు మీద మూడు మిస్డ్ కాల్స్ ఉన్నాయి. పదకొండు రోజుల్లో మూడుసార్లు చేశారు. మూడుసార్లూ ఫోన్ నా చేతిలోనే ఉంది. ఎత్తలేదు, కోపం. ఈ సంగతి మొదట్లోనే చెప్పేస్తున్నాను. చివర్లో చెబితే అప్పటిదాకా మీరు నన్ను మంచి శిష్యురాలు అనుకుంటూ చదువుతారు. ఆ మోసం కూడా నా లెక్కలో కలుపుకునే ఓపిక నాకు లేదు.

సార్ ముప్పై ఏళ్ళు సముద్రం ఒడ్డున ఒక ఆఫీసులో పనిచేశారు. ఒక ఓడ, ఒక సబ్‌మెరైన్ నీళ్ళలో ఎంత వేగం పోగలదో, దానికి ఎంత ఇంజిను కావాలో అది కట్టకముందే లెక్కగట్టి చెప్పడం ఆయన పని. రిటైరై వరంగల్ వచ్చేశారు. ఈ ఊళ్ళో ఆ విద్య ఎవరికి కావాలి చెప్పండి? చుట్టాలకు ఆయన పని ఎప్పటికీ అర్థం కాలేదు. ఓడ నడిపేవాడనుకున్నారు. పెళ్ళిళ్ళలో "కెప్టెన్ సాబ్ వచ్చిండు, జరుగుండ్రి" అని ఆటపట్టించేవాళ్ళు. ఆయన నవ్వి, "నాకు ఈత రాదు" అనేవారు. నిజంగానే రాదు.

ఇంటి వెనక వాళ్ళ అన్నగారి పాత అద్దకం షెడ్డు ఉండేది. మగ్గాలు తగ్గిపోయి అది మూతపడింది. అందులో నలభై అడుగుల సిమెంటు తొట్టి ఒకటి మిగిలింది, ఒకప్పుడు నూలు తడపడానికి కట్టింది. సార్ దానికి ఒక కొసన గిలక బిగించారు. గిలక మీద నుంచి దారం, దారానికి ఇటు చెక్క పడవ బొమ్మ, అటు తూకపు రాయి. రాయి పక్కనున్న పాత బావిలోకి దిగుతుంటే బొమ్మ నీళ్ళలో ముందుకు పోతుంది. తొట్టి గోడ మీద ఎర్ర రంగుతో రెండు గుర్తులు. మొదటి గుర్తు దగ్గర అమ్మ స్టాప్‌వాచీ నొక్కుతుంది, రెండో గుర్తు దగ్గర మళ్ళీ నొక్కుతుంది. అంతే, అదే మా ప్రయోగశాల. మగ్గానికి నూలు కండెలు చుట్టిన చెయ్యి కాబట్టి అమ్మ వేలు తప్పేది కాదు. మేం నొక్కితే మాత్రం సార్ ఒప్పుకునేవారు కాదు. "వీళ్లకు తొందర. రెండో గుర్తు రాకముందే వచ్చిందనుకుంటరు" అనేవారు.

ఆదివారాలు ఐదారుగురం వెళ్ళేవాళ్ళం. అందరూ ఇంజనీరింగ్, డిప్లొమా పిల్లలు. పరీక్షలో రానిదాన్ని ఎన్నాళ్ళు నేర్చుకుంటారు, ఒక్కొక్కరే జారుకున్నారు. పవర్‌లూమ్ చప్పుడులో పుట్టిన నేను ఒక్కదాన్నే ఆ నీళ్ళ చప్పుడు దగ్గర మిగిలాను. మా నాన్నకు ఇది ఎందుకూ పనికిరాదని గట్టి నమ్మకం. "తొట్టిల పడవలు ఆడుకునే వయసా నీది?" అనేవాడు.

సార్ పాఠం ఎప్పుడూ మూడు ప్రశ్నలే. బొమ్మను లాగడానికి ఎంత బలం పట్టింది? వెనక తిరిగే పంకా ఆ బలంలో ఎంత వృథా చేస్తుంది? ఆ వృథాను కూడా భరించడానికి ఇంజిను ఎంత ఉండాలి? మొదటి ప్రశ్నకు తొట్టి జవాబు చెబుతుంది, మిగతా రెండూ కాగితం మీద. మొదటిది చిటికెడు తప్పితే మూడోది బుట్టెడు తప్పుతుందని చెప్పి, తొట్టిలో రెండు వేళ్ళు ముంచి, బొటనవేలితో రాసి చూసుకునేవారు. ఆ అలవాటు లేకుండా ఒక్క ప్రయోగం కూడా మొదలవలేదు. పుస్తకంలో తేదీ కంటే ముందు నీళ్ళ వేడి రాసేవారు. మే నెల నీళ్ళలో తేలిగ్గా పోయిన బొమ్మ జనవరి నీళ్ళలో బరువుగా పోతుంది, బొమ్మ మాత్రం అదే. "నీళ్లకు మన డిగ్రీలు తెల్వయి బిడ్డా, వాటి వేడి వాటికి తెలుసు" అనేవారు. బొమ్మ ముక్కు దగ్గర సన్నని ఇసుక పట్టీ అంటించేవారు. ఎందుకని అడిగితే, "నీళ్లు జర కలత వడితెనే నిజం చెప్తయి" అన్నారు. పెద్ద పడవ పక్కన నీళ్ళు సుడులు తిరుగుతాయి, చిన్న బొమ్మ పక్కన వాటంతట అవి తిరగవట.

సబ్‌మెరైన్ల గురించి అడిగితే మాత్రం నోరు విప్పేవారు కాదు. ఆఫీసుకు ఇచ్చిన మాట రిటైరైన తరువాత కూడా మాటే అనేవారు. ఒక్కసారి మేం బాగా సతాయిస్తే సొరకాయలాంటి చెక్క ముక్కకు సీసం కట్టి, తొట్టి అడుగున లాగి చూపించారు. పైన నీళ్ళు కదలనే లేదు. పైన పోయే ఓడ బలంలో కొంత అల లేపడానికి పోతుందట. లోతున పోయేదానికి అల లేదు. ఒళ్ళంతా నీళ్ళు రాసుకోవడమే దాని ఖర్చులో పెద్ద భాగం. "అందుకే దాని దగ్గర నీళ్లను మస్తు జాగ్రత్తగ చూడాలె" అన్నారు. ఆ ఒక్క వాక్యం నేను నిజంగా విని ఉంటే ఈ వ్యాసం ఇంకోలా ఉండేది.

ఆయన పెన్సిలుతోనే రాసేవారు, రబ్బరు మాత్రం ఇంట్లో ఉండనిచ్చేవారు కాదు. తప్పు అంకె మీద ఒకే ఒక్క గీత కొట్టేవారు. కింద ఉన్నది చదవడానికి రావాలి. నేను ఒకసారి సిగ్గుపడి నా తప్పును నల్లగా గిలికేశాను. ఆ పేజీ అట్లాగే పట్టుకుని చాలాసేపు చూశారు. "తప్పు జేసుడు పెద్ద ముచ్చట కాదు. ఎక్కడ తప్పినవో నీ తర్వాత వచ్చేటోళ్లకు కనవడాలె గదా" అన్నారు. గట్టిగా కూడా అనలేదు.

ములుగు దారిలో పడవలు చేసే షెడ్డు ఒకటుంది. ములుగు అవతల గోదావరి ఒడ్డున ఉన్న ఒక ఊరికి వరద పడవ చెయ్యాలని ఆ షెడ్డాయన సార్ దగ్గరకు వచ్చాడు. వానాకాలంలో ఆ ఊరి రోడ్డు మునుగుతుంది. మనుషులను తేవాలంటే వరదకు ఎదురు నడిచే పడవ కావాలి. అప్పటికే సార్ కిడ్నీలు మొరాయిస్తున్నాయి. "ఈ లెక్క మా బిడ్డ చేస్తది" అని నా వైపు చూపించారు. ఇన్నేళ్ళలో నా చేతికి వచ్చిన మొదటి నిజమైన పడవ అది. నేలకు దిగలేదు నేను.

బొమ్మ చెక్కాను. రెండు రోజులు నీళ్ళలో నానేసరికి చెక్క మీద నూగు లేచింది. ఇక్కడే, సరిగ్గా ఇక్కడే, మగ్గం ఇంట్లో పుట్టినవాళ్ళు తప్ప ఎవరూ చెయ్యని తప్పు చేశాను. నూలు మీద నూగు లేస్తే మేం ఏం చేస్తాం? చింతగింజల పొడి ఉడకబెట్టి గంజి పెడతాం. నా చేతులు ఆలోచించలేదు. పల్చగా గంజి కాచి, బొమ్మకు రాసి, నీడన ఆరబెట్టాను. నూగంతా అణిగి నున్నగా మెరిసింది. చెయ్యి కడుక్కున్నానని పుస్తకంలో రాస్తామా? ఇది కూడా రాయలేదు.

ఆ గంజి నీళ్ళలో కొద్దికొద్దిగా కరుగుతుంది. జిగురంటే పట్టుకునేది కదా, బొమ్మ నెమ్మదిగా పోవాలి అనుకుంటారు మీరు. కానీ అతి పల్చగా కలిసిన జిగురు ఒంటి పక్కన నీళ్ళ సుడులను అణిచేస్తుంది, రాపిడి తగ్గుతుంది. బొమ్మ జారిపోయింది. ఒక్కో లాగుడుకు ఒక్కో చుక్క పెడుతుంటే గ్రాఫ్ కాగితం మీద ఇంత అందమైన గీత నా జన్మలో రాలేదు. సార్ మొదట నోటి లెక్కతో నలభై హెచ్‌పీ మోటారు కావాలన్నారు. నా గీత ఇరవై ఐదు చాలంది. మోటారు బరువు తగ్గితే ఇంకో మనిషిని ఎక్కించుకోవచ్చు. ఆ మాట షెడ్డాయనకు నేనే చెప్పాను, ఎంత గర్వంగా చెప్పానో తలుచుకుంటే ఇప్పుడు ఒళ్ళు మండుతుంది.

ఆ గ్రాఫ్ తీసుకుని దవాఖానకు వెళ్ళాను. సార్ మంచం మీద దిండుకు ఆనుకుని కూర్చుని ఉన్నారు. చేతికి సూది, పట్టీ. కాగితం చాలాసేపు చూశారు.

"గీత మరీ మంచిగున్నది బిడ్డా" అన్నారు.

మెచ్చుకున్నారనుకుని నవ్వాను.

"మంచి గీత వస్తే మొదలు భయపడాలె. బొమ్మ ఫోటో ఉన్నదా?"

ఫోన్‌లో చూపించాను. కళ్ళద్దాలు పైకి జరిపి దగ్గరగా పెట్టుకున్నారు. "ఈ మెరుపు ఏంది? ఏం రాసినవ్ దీనికి?"

అప్పుడు గుర్తొచ్చింది. అడిగిన తరువాత, ఆ ఒక్క క్షణంలో, గంజి గుర్తొచ్చింది. కానీ అంత అందమైన గీతను నా చేత్తో నేనే చంపుకోలేకపోయాను. "వార్నిషే సార్" అన్నాను.

ఆయన ఫోన్ నా చేతిలో పెట్టి, "నీళ్లు మార్చి ఇంకోసారి లాగు. అప్పటిదాంక మోటారు బిగియ్యొద్దని చెప్పు" అన్నారు.

"మీకు నా మీద నమ్మకం లేదు సార్."

"నీ మీద లేకేం? తొట్టి మీద లేదు."

"ఇన్నేండ్లు నేర్చుకున్నా ఒక్క లెక్క నా అంతట నేను చెయ్యొద్దా? మీరు పండుకున్నా పెత్తనం మీదేనా?" అని అరిచాను. పక్క మంచాల వాళ్ళు తిరిగి చూశారు. అమ్మ నా చెయ్యి పట్టుకుంది. విదిలించుకుని వచ్చేశాను. షెడ్డాయనకు ఆపమని చెప్పలేదు. ఆ తరువాతే ఆ మూడు ఫోన్లు.

ఆయనను ఇంటికి తెచ్చిన రోజు నేను చీపురు పట్టుకుని వాకిట్లోనే నిలబడిపోయాను. సార్ అక్కగారి కొడుకు నా పక్కకు వచ్చి, "నిన్న కూడ అడిగిండు నిన్ను. ఆ పిల్ల ఫోన్ ఎత్తుతలేదా అన్నడు. సిగ్నల్ లేదేమో మామా అన్న" అని చెప్పాడు. నాకోసం అబద్ధం ఆడిన ఆ మనిషి మొహం చూడలేకపోయాను.

మూడో రోజు కర్మలో పిట్టకు ముద్ద పెట్టి వచ్చిన తరువాత అమ్మ సార్ నోటు పుస్తకం తెచ్చి నా ఒళ్ళో పెట్టింది. దవాఖానలో రాసుకున్నదట. చివరి పేజీలో అక్షరాలు వంకరపోయి ఉన్నాయి. "బొమ్మకు గంజి పెట్టినట్టున్నది. పిల్ల చెప్పదు. తొట్టి కడగాలె, మళ్ల లాగాలె." దాని కింద నా ఇరవై ఐదు. దాని మీద ఒకే ఒక్క గీత. పక్కన కొత్త అంకె లేదు. "ఇది ఆమెనే రాయాలె" అని ఉంది.

పిల్ల చెప్పదు. ఆయన తిట్టి ఉంటే ఏడ్చి ఊరుకునేదాన్ని. ఈ రెండు మాటలను ఏం చెయ్యాలో ఇప్పటికీ తెలియడం లేదు.

"అమ్మా, తొట్టి కడుగుతా" అన్నాను.

"నడువు, నేనూ వస్త" అంది.

వచ్చినవాళ్ళు ముక్కున వేలేసుకున్నారు. మనిషి పోయి మూడు రోజులు కాలేదు, ఈ ఆడవాళ్ళకు తొట్టి ఫికరేంది అన్నారు. ఆ సాయంత్రం, మర్నాడు నేను తొట్టి తోముతూనే ఉన్నాను. మూడుసార్లు నీళ్ళు పట్టి వదిలేశాను. బొమ్మను గీకి, వార్నిష్ వేసి ఆరబెట్టాను. ఈసారి నిజంగా వార్నిషే. ఐదో రోజు పొద్దున మంచినీళ్ళు నింపి, రెండు వేళ్ళు ముంచి, బొటనవేలితో రాసి చూశాను. అమ్మ తెల్ల చీరలో తొట్టి పక్కన పీట మీద కూర్చుని వాచీ పట్టుకుంది. నేను రాయి వదిలాను. అప్పుడు తొమ్మిది సెకన్లలో పోయిన బొమ్మకు ఇప్పుడు పదకొండు దాటింది. మళ్ళీ లాగాను, పదకొండు. రాళ్ళు మార్చి మార్చి లాగాను. ప్రతి చుక్కా పాత గీతకు పైనే పడింది, లెక్క మళ్ళీ నలభై దగ్గరికే వచ్చింది.

"సార్ చెప్పిందే వచ్చిందా?" అని అడిగింది అమ్మ.

"వచ్చిందమ్మా."

"అయితే ఆయనకు చెప్పు" అని సార్ కుర్చీ వైపు చూసింది. అప్పుడు ఏడ్చింది, మొదటిసారి.

షెడ్డాయనకు ఫోన్ చేశాను. "మేడం, బోటు నిన్ననే పాయె. వానలు ముందుగాల వడ్తున్నయని జల్ది పంపినం" అన్నాడు. లెక్క తప్పిందన్నాను. "మీరే గద మేడం చాలన్నది" అన్నాడు. ఆయన తప్పేం లేదు. పెద్ద మోటారు రావడానికి కనీసం మూడు వారాలట.

అమ్మ స్టాప్‌వాచీ నా చేతిలో పెట్టి పంపింది. ములుగు బస్సు ఎక్కాను, అక్కడి నుంచి జీపు. దారి పొడుగునా వాన. జీపులో ఎవరో గోదావరి పెరుగుతాందని అన్నారు. నేను చేరేలోపు ఎవరైనా ఆ పడవ ఎక్కి ఉంటే? ఆ ఆలోచన ముందుకు పోనివ్వలేదు నేను. వెనక్కి పోయి ఆ దవాఖాన మంచం దగ్గర, "గంజి సార్" అని ఒక్క మాట అంటే చాలు అనుకున్నాను. ఎన్నిసార్లు అనుకున్నానో.

పడవ ఇంకా ఒడ్డునే ఉంది. దాన్ని నడిపే మనిషికి యాభై పైన ఉంటాయి, చేపలు పట్టే ఇంటివాడు. చేతులు జోడించి చెప్పాను. "అన్నా, నా లెక్క తప్పింది. ఈ మోటారు వరదకు ఎదురు పోదు. నమ్మి దిగకుండ్రి."

ఆయన పడవను ఒకసారి, నన్ను ఒకసారి చూశాడు. "కొత్త మోటారు చెల్లె. గింత చప్పుడు జేస్తాంది, ఎందుకు పోదు? ఎవలన్నరు పోదని?"

"మా సార్."

"ఏడున్నడు ఆ సారు?"

నేను చేతిలో ఉన్న వాచీని చూశాను. ఆయనకు అర్థమైనట్టుంది. "మంచిది, చూద్దాం పట్టు" అన్నాడు. పడవకు పొడుగాటి మోకు కట్టించాను. ఆరుగురు ఒడ్డున ఆ మోకు వదులుగా పట్టుకున్నారు. నీళ్ళ అంచున రెండు కర్రలు పాతాను, తొట్టి గోడ మీద గుర్తుల్లాగే. కర్రల మధ్య నలభై అడుగులు, అడుగులు వేసి కొలిచాను. ఆయన లైఫ్‌జాకెట్ వేసుకుని ఒక్కడే ఎక్కాడు.

ఒడ్డు వంపులో నీళ్ళు నెమ్మదిగా ఉన్నచోట మోటారు వేసి పడవను ఎగువకు తిప్పాడు. మొదటి కర్ర దాటగానే వాచీ నొక్కాను. వంపు దాటి ఎర్రటి నీళ్ళు తగిలాయి. మోటారు గొంతు చించుకుంటోంది. పడవ ముక్కు నీళ్ళను చీలుస్తోంది, వెనక తెల్లగా నురగ. చూస్తే ఎంత వేగంగా పోతున్నట్టుందో. కానీ రెండు కర్రల మధ్యే ఉంది. అవతలి ఒడ్డున తుమ్మచెట్టు ఆయన తల వెనక ఎక్కడుందో అక్కడే ఉంది.

మోకు పట్టుకున్న వాళ్ళలో ఒక ఆడమనిషి నా వైపు తిరిగింది. "మరి నీళ్లు ఊరి మీదికొస్తె మా పొల్లగాండ్లను ఎట్ల తేవాలె మేడం?" అని అడిగింది.

రెండో గుర్తు దాటేదాకా బొటనవేలు కదపొద్దని సార్ చెప్పేవారు. వాన చినుకులు వాచీ అద్దం మీద పడుతున్నాయి. ముల్లు ఒక చుట్టు తిరిగి రెండో చుట్టులో పడింది. పడవ రెండో కర్ర దగ్గరికి రాలేదు. నేను వేలు వాచీ మీదే పెట్టుకుని నిలబడి ఉన్నాను.